రేవులో ఆగిపోయిన ఒడి బియ్యం

మాయన్ శిథిలాలు చూడాలన్న కోరిక నాకు ఏ రోజూ లేదు. పాత రాళ్ళంటే నాకు పడదు. ఎవరో ఎప్పుడో కట్టి వదిలేసిన గోడల గురించి ఇంకెవరో గొడుగు పట్టుకుని చెబుతుంటే, ఎండలో నిలబడి తల ఊపడం నా వల్ల కాదు. నేను ఆ ఓడ ఎక్కింది పడుకోవడానికి. పొద్దున్నే లేవకుండా, ఫోన్ ఎత్తకుండా, ఎవరి పుట్టిన తేదీ అడగకుండా కొన్నాళ్ళు పడి ఉండటానికి.

పుట్టిన తేదీ అడగడం నా ఉద్యోగం. లండన్ పక్కన క్రోయిడన్‌లో ఒక జీపీ సర్జరీలో, అంటే పేట డాక్టర్ల దవాఖానలో, రిసెప్షనిస్టుని. పొద్దున ఫోన్లు తెరవగానే లైన్లన్నీ నిండిపోతాయి. దగ్గువాళ్ళు, నడుం నొప్పివాళ్ళు, మందులు అయిపోయినవాళ్ళు, వీళ్ళ మధ్యలో కడుపుతో ఉన్నవాళ్ళు. "టెస్ట్ పాజిటివ్ వచ్చింది, ఇప్పుడేం చెయ్యాలి?" అని అందరికంటే ముందు నన్నే అడుగుతారు. కొందరు అప్పటికి మొగుడికి కూడా చెప్పి ఉండరు. కంగ్రాచులేషన్స్ చెప్పి మిడ్‌వైఫ్ దగ్గర అపాయింట్‌మెంట్ ఇస్తాను. పుట్టాక ఆ పిల్లల టీకాలకు రోజు చూసేదీ నేనే. ఇక మేం ఐవీఎఫ్ చేయించుకుంటున్న క్లినిక్ నుంచి నాకు ఫోన్ వచ్చిన రోజుల్లో, వెనక గదిలోకి వెళ్ళి టీకాల ఫ్రిజ్ పక్కన నిలబడి వినేదాన్ని. ప్రతిసారీ ఒకటే వార్త. విని, మొహం కడుక్కుని, మళ్ళీ వచ్చి కూర్చుని, "హలో, డేట్ ఆఫ్ బర్త్ చెప్పండి" అనేదాన్ని.

అలా ఏళ్ళు గడిచాయి. మా ఇంటి ఫ్రిజ్‌లో దోసెల పిండి పక్కన ఇంజెక్షన్ల పెట్టె ఉండేది. పిండి డబ్బా తీసేటప్పుడు పెట్టె కింద పడుతుందేమోనని మా ఆయన దానికి ఒక తువ్వాలు చుట్టి పెట్టేవాడు. సూది ఆయనే వేసేవాడు. వేసే ముందు నాకంటే ఆయనే కళ్ళు మూసుకునేవాడు. కళ్ళు తెరిచి వెయ్యవయ్యా మగడా అని నేను అరిచేదాన్ని.

ఇక సలహాలు. దేశం కాని దేశంలో మనకు ఏది కరువైనా సలహాలకు కరువుండదు. వెంబ్లీలో మాకు తెలిసిన ఆంటీ ఒకావిడ ఉంది, కరీంనగర్ వైపు మనిషి, మంచిది. మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కు, తిట్టడానికి ఉండదు. ఆవిడ చెప్పిన నోములు నోచాను, వద్దన్న కూరలు మానేశాను, ఒక స్వామి జూమ్‌లో మంత్రం చెబుతుంటే లాప్‌టాప్ ముందు తలస్నానం చేసి కూర్చున్నాను. ఊళ్ళో మా అత్తగారు కట్టిన ముడుపులు దేవుడి గూట్లో పసుపు మూటలై అలాగే ఉన్నాయి. నేను ఏ దేవుణ్ణీ వదల్లేదు. వాళ్ళే నన్ను వదిలేశారు.

ఆఖరి ప్రయత్నం కూడా పోయాక డాక్టర్ మమ్మల్ని కూర్చోబెట్టి మెత్తగా మాట్లాడాడు. ఈ దేశంలో డాక్టర్లు మెత్తగా మాట్లాడారంటే పని అయిపోయిందని అర్థం. నా అండాలతో ఇక ప్రయత్నించడంలో ఉపయోగం లేదన్నాడు. దాత అండాల మాట ఒకటి చెప్పి, తొందరేం లేదు, ఇంటికెళ్ళి ఆలోచించుకోండన్నాడు. నేను అక్కడే చెప్పాను, ఇక చాలని. ఏడుస్తూ చెప్పాను కానీ తెలిసే చెప్పాను. మా ఆయన తల ఊపాడు. దత్తత గురించి అంతకు ముందే మాట్లాడుకున్నాం, ఇద్దరికీ మనసొప్పలేదు. ఎందుకొప్పలేదో ఇంకొకరికి చెప్పాల్సిన పని మాకు లేదు.

ట్రామ్‌లో ఇంటికొస్తుంటే నాకు ఒకటే ఆలోచన. ఇకమీదట మేమిద్దరమే. ఆ ఫ్లాట్‌లో ఇద్దరు మనుషులు, ఒక టీవీ, ఇక ఎప్పటికీ ఎవరికీ కాని చిన్న గది. ఇది సంసారమేనా, దీనితో మేం బతకగలమా, నేనొక్కదాన్నే ఆయనకు చాలుతానా? నాకు ఆయన చాలు. ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. ఆయన సంగతి తెలుసుకోవాలి. అందుకే ఎక్కడికైనా పోదామన్నాను. గాట్విక్ నుంచి విమానం, జమైకాలో ఓడ ఎక్కడం, సముద్రంలో తిరిగి రావడం, అన్నీ ఒకే ప్యాకేజీలో దొరికాయి. బయలుదేరే ముందు ఆయన దగ్గర మాట తీసుకున్నాను. పిల్లల మాట ఎత్తకూడదు, గుడి మాట ఎత్తకూడదు. సరే అన్నాడు.

ఓడ ఆగే ప్రతి రేవులోనూ దిగి చూడటానికి టూర్లు ఉంటాయి. కావాల్సినవాళ్ళు ముందే బుక్ చేసుకోవాలి. మెక్సికో తీరంలో కోజుమెల్ అనే ద్వీపం దగ్గర ఆగే రోజుకి నేను బీచ్ అన్నాను. మా ఆయన శిథిలాలు అన్నాడు.

"హిస్టరీ గద. మళ్ళ ఎప్పుడొస్తం ఇటు?" అన్నాడు.

లండన్‌కి ఇంత దగ్గరలో ఇన్నేళ్ళు ఉండి ఒక్క మ్యూజియం గడప తొక్కని మనిషి. అడిగితే పార్కింగ్ ఉండదనేవాడు. ఆయనకు ఉన్నట్టుండి చరిత్ర మీద ప్రేమ పుడితే అనుమానించాల్సింది. కానీ ఓడ ఎక్కాక ఆయన నవ్వుతున్నాడు. బఫేలో ప్లేటు నిండా పెట్టుకుని, వెంట తెచ్చుకున్న నిమ్మకాయ పచ్చడి పొట్లం చాటుగా విప్పుతున్నాడు. ఆ నవ్వు చూసి నేను మెత్తబడ్డాను. రాళ్ళే కదా, చూద్దాం పద అన్నాను.

ఆ రోజు పొద్దున ఓడలోని థియేటర్ హాల్లో అందర్నీ కూర్చోబెట్టి, చొక్కాల మీద అంకె ఉన్న స్టిక్కర్లు అంటించారు. స్కూల్ పిల్లల్లా వరసలో దిగాం. మా ముందు ఇంగ్లండ్ ఉత్తరాన న్యూకాసిల్ నుంచి వచ్చిన ముసలి జంట ఉన్నారు. భోజనాల దగ్గర మా పక్క బల్ల వాళ్ళదే, అలా పరిచయం. ఆవిడ నర్సుగా చేసి రిటైరైంది. నన్ను చూసినప్పుడల్లా "పెట్" అని పిలిచేది. మన బంగారం, కన్నా లాంటి మాట, వాళ్ళ వైపు ఆడవాళ్ళు ఎవర్నయినా అలాగే పిలుస్తారట.

రేవులో దిగగానే తనిఖీ. బయటి తిండి, పళ్ళు, గింజలు ఒడ్డుకి తేకూడదని బోర్డు ఉంది, ఓడలో కూడా చెప్పారు. ఒక కుక్క అందరి సంచులూ వాసన చూస్తోంది. న్యూకాసిల్ ఆవిడ సంచిలోంచి ఒక యాపిల్ తీసి బుట్టలో పడేశారు. ఆవిడ నవ్వింది. తర్వాత కుక్క మా ఆయన బ్యాగు దగ్గర కూర్చుంది. కూర్చుని లేవదే!

యూనిఫాంలో ఉన్న అమ్మాయి బ్యాగు తెరవమంది. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నీళ్ళ సీసా తీశాడు, టోపీ తీశాడు, సన్‌క్రీమ్ తీశాడు. అడుగున ఒక జిప్ కవరు. అందులో పసుపు కలిపిన బియ్యం. బియ్యంలో రెండు ఎండు కొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు, వక్కలు. కవరు మీద మడత పెట్టిన ఎర్ర జాకెట్టు ముక్క.

ఒడి బియ్యం. మా తెలంగాణలో పెళ్ళయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్ళు పీట మీద కూర్చోబెట్టి ఒడిలో పోస్తారు. కడుపు పండాలని, ఇల్లు నిండాలని పోస్తారు. పోసేది ఆడవాళ్ళు, ముత్తయిదువలు. మగవాళ్ళు ఆ చుట్టుపక్కలకు కూడా రారు. మా అమ్మ పోయాక నాకు ఎవరూ పోయలేదు. వదిన రమ్మంది కానీ నాకు వెళ్ళాలనిపించలేదు. ఆ బియ్యం మెక్సికో రేవులో ఒక కుక్క ముందు బల్ల మీద ఉంది.

ఆ అమ్మాయి కవరు ఎత్తి వెలుతురులో చూసింది. ఇదేమిటని అడిగింది. మా ఆయన "రైస్" అన్నాడు. పచ్చగా ఎందుకుందని అడిగింది. "టర్మరిక్" అన్నాడు. వంటకా అని అడిగింది. ఆయన అవునూ కాదూ కాకుండా తల ఊపాడు. ఆమె కవరు విప్పి మొత్తం బుట్టలోకి గుమ్మరించింది, యాపిల్ మీద. కుడుకలు కూడా పోయాయి. జాకెట్టు ముక్క మాత్రం దులిపి తిరిగిచ్చి, హ్యావ్ ఎ నైస్ డే అంది. తప్పు ఆమెది కాదు, ఆమె పని ఆమె చేసింది.

నేను ఆయన వంక చూశాను.

"బస్సెక్కు, చెప్తా" అన్నాడు.

బస్సులో ఆయన చెప్పే పని లేకుండా గైడే చెప్పింది. ఆమెకు యాభై దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా ఉంది. మైకు పట్టుకుని, మనం చూడబోయేది పెద్ద పిరమిడ్లు కాదు, ముందే చెబుతున్నాను, నిరాశ పడకండంది. ఇది ఒక దేవత ఊరు, పేరు ఇష్‌చెల్, చంద్రుడికీ వానకీ కాన్పులకీ దేవత. పాత రోజుల్లో మాయా ఆడవాళ్ళు జీవితంలో ఒక్కసారైనా ఇక్కడికి రావాలనుకునేవాళ్ళు, అవతలి తీరం నుంచి చిన్న పడవల్లో సముద్రం దాటి వచ్చేవాళ్ళు, బిడ్డ కావాలని మొక్కుకునేవాళ్ళు అని చెప్పింది. బస్సులో ఆడవాళ్ళంతా అయ్యో, ఎంత బాగుందో అన్నట్టు ఒక్కసారి నిట్టూర్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏసీ బస్సులో చెమటలు పట్టాయి.

"వెంబ్లీ ఆంటీ చెప్పిందా?" అని తెలుగులో అడిగాను.

"పోయినేడు వాళ్ళు ఇదే ఓడల వచ్చిన్రంట. అక్కడ పిల్లల తల్లి ఉన్నది, అమ్మవారే, పేరే వేరు అన్నది."

"బియ్యం ఎవరు కలిపిన్రు?"

"నేనే. నువ్వు డ్యూటీకి పోయినప్పుడు." టోపీ అంచు సరిచేసుకుంటూ, "మీ అమ్మ లేదు గద. ఎవరో ఒకరు కలపాలె గదా అని" అన్నాడు.

కిటికీలోంచి బయటకు చూశాను. ఎత్తు లేని అడవి, అన్నీ ఒకే రకం చెట్లు. మా వంటింట్లో నిలబడి, బియ్యంలో పసుపు ఎంత పడాలో తెలియక, అడగడానికి ఎవరూ లేక, చేతులన్నీ పచ్చగా చేసుకున్న మనిషి కళ్ళ ముందుకొచ్చాడు. కోపం తగ్గలేదు కానీ ఏడుపు దానికి తోడైంది.

వెనక సీట్లోంచి న్యూకాసిల్ ఆవిడ ముందుకు వంగింది. పిల్లల్ని అమ్మమ్మ వాళ్ళ దగ్గర వదిలి వచ్చారా అని ఆప్యాయంగా అడిగింది. నేను నోరు తెరిచేలోగా మా ఆయన, మాకు పిల్లలు లేరండీ, ప్రయత్నిస్తున్నాం అన్నాడు. ప్రయత్నిస్తున్నాం అట! ఆవిడ నా భుజం తట్టింది.

అక్కడ చూడటానికి నిజంగానే ఏమీ లేదు. నడుం ఎత్తు గోడలు, కప్పు లేని గదులు, డబ్బు సరిపోక మధ్యలో ఆపేసిన కాంపౌండ్‌లా ఉన్నాయి. రాళ్ళ మీద తొండల్లాంటి పెద్ద జంతువులు ఎండ కాగుతూ మమ్మల్ని లెక్క చెయ్యకుండా కూర్చున్నాయి. ఇగ్వానాలట. ఒక గది గోడ మీద ఎర్రటి చిన్న చేతి ముద్రలు ఉన్నాయని గైడ్ చూపించింది. నేను చూడలేదు. అందరూ ఫోన్లు పట్టుకుని ఎగబడ్డారు. దోమలు కాళ్ళను పీక్కు తింటున్నాయి. గుళ్ళ మధ్య తెల్లటి రాతి బాట ఒకటి ఉంది, ఆడవాళ్ళు దాని మీద నడిచి వచ్చేవాళ్ళట. గుంపు ముందుకు పోయింది. ఆ బాట మీద నేను ఆగిపోయాను.

"నాకు మాట ఇచ్చినవ్" అన్నాను.

"ఇచ్చిన. తప్పే. ఇదొక్కటే, లాస్ట్."

"ప్రతిదీ లాస్టే. స్వామిది లాస్ట్ అన్నవ్. మీ అమ్మ ముడుపు లాస్ట్ అన్నవ్. సూదులు గుచ్చుకున్నది నా కడుపుకి. ఇంక నాతోని కాదని డాక్టర్ ముందర చెప్పిన్నా లేదా?"

"నువ్వు చెప్పినవ్. నన్నెవరన్న అడిగిన్రా?"

"అడిగిన. నువ్వు తల ఊపినవ్."

"నువ్వు ఏడుస్తున్నవ్. తల ఊపక ఏం జేస్తరు?"

ఆయన గొంతు పెద్దది కాలేదు. పెద్దదైతే పోట్లాడేదాన్ని. ముక్కు మీద కోపం ఉన్నదాన్నని నాకు పేరు, ఆ పేరు నిలబెట్టుకునేదాన్ని. ఆయన మామూలుగా అడిగాడు, ఆఫీసులో ఏదో ఫైలు కనిపించక అడిగినట్టు. ఇన్నేళ్ళలో ఆ డాక్టర్లు, నర్సులు, ఆంటీలు, మా అత్తగారు, అందరూ అడిగింది నన్నే. నువ్వెలా ఉన్నావమ్మా, నిద్ర పడుతోందా, తింటున్నావా అని. ఆయన కారు నడిపేవాడు, సంచి మోసేవాడు, బయట కుర్చీలో కూర్చునేవాడు. ఆ కుర్చీలో కూర్చుని ఆయన ఏం అనుకుంటున్నాడో ఎవరికీ పట్టలేదు. తండ్రి కావాలన్న కోరిక కడుపులో ఉండదు కాబట్టి ఎవరి పరీక్షలోనూ కనబడదు.

ఇదంతా అర్థమైంది. అర్థమైనంత మాత్రాన నా మనసు మారలేదు. అది కూడా అప్పుడే తెలిసింది.

దేవత గుడి అని చెప్పినచోట తాడు కట్టి ఉంది, లోపలికి పోనివ్వరు. గుంపు చూసేసి చెట్టు నీడకు వెళ్ళింది. న్యూకాసిల్ జంట మాత్రం మెల్లగా నడవడం వల్ల ఇంకా అక్కడే ఉన్నారు. మా ఆయన తాడు దగ్గర చెప్పులు విడిచాడు. రాయి కాలుతున్నా అలాగే నిలబడ్డాడు. జాకెట్టు ముక్క మడత విప్పాడు. ఆ మడతల్లో ఇరుక్కుని తనిఖీలో దొరకని బియ్యపు గింజలు కొన్ని ఉన్నాయి, పచ్చగా. వాటిని అరచేతిలోకి తీసుకున్నాడు.

"ఒక్కసారి ఒడి పట్టు" అన్నాడు.

నేను జీన్స్ ప్యాంటు, టీషర్టు వేసుకుని ఉన్నాను. కొంగు లేదు. కొంగు ఉన్నా పట్టేదాన్ని కాదు.

"పట్ట" అన్నాను.

"ఒక్కసారే."

"నేను పట్ట. ఎన్నిసార్లు పట్టినా ఖాళీనే గద. ఇంక నాతోని కాదు."

ఆయన చేతిలోని గింజల్ని జాకెట్టు ముక్కలో మళ్ళీ మడిచి, దాన్ని భుజాన వేసుకుని, తన టీషర్టు అంచు రెండు చేతులతో ముందుకు సాచి పట్టుకున్నాడు. ఆడవాళ్ళు కొంగు పట్టినట్టే. స్టిక్కర్ అంటించిన టీషర్టు. కింద తెల్లగా పొట్ట కనిపిస్తోంది. యాభైకి దగ్గరపడుతున్న మగవాడు, ఇన్సూరెన్స్ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే మనిషి, కప్పు లేని రాతి గది ముందు ఒడి పట్టి, తల వంచి నిలబడ్డాడు. అందులో ఎవరు పోస్తారు? పోయడానికి ఉన్నది నేను ఒక్కదాన్నే. నా కాళ్ళు కదల్లేదు.

అప్పుడు న్యూకాసిల్ ఆవిడ ఆయన్ని చూసింది. చెమటతో తడిసిన మొహం, పాలిపోయి వంగిన మనిషి. ఎండదెబ్బ అనుకుంది పాపం, నర్సు కదా. గబగబా వచ్చి, అయ్యో పెట్, నీకు ఒంట్లో బాగున్నట్టు లేదు, కాస్త చక్కెర పడాలి అంటూ జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళలు గుప్పెడు తీసింది. ఆయన చేతులు ఖాళీగా లేవు కాబట్టి, సాచి పట్టుకున్న టీషర్టులో వేసింది. కూర్చో నాన్నా అన్నట్టు చెంప తట్టి, నీళ్ళు తాగించమని నాకు చెప్పి, మొగుడి చెయ్యి పట్టుకుని నీడకు వెళ్ళిపోయింది.

మా ఆయన ఒడిలోకి చూసుకున్నాడు. తల ఎత్తి నన్ను చూశాడు. ఆ మొహం నేను ఎప్పుడో మర్చిపోయాను. మొదటిసారి క్లినిక్‌లో తెర మీద చిన్న చుక్క చూపించి ఇదిగో మీ పిండం అన్నప్పటి మొహం.

"చూసినవా?" అన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "పెద్ద ముత్తయిదువ. తనంతట తనే వచ్చి పోసింది. చూసినవా లేదా?"

చూశాను. దగ్గు బిళ్ళల్లాంటి ఆ బిళ్ళల్ని ఆయన ఒక్కొక్కటే ఏరి, బియ్యపు గింజలతో కలిపి జాకెట్టు ముక్కలో మూట కట్టుకోవడం కూడా చూశాను. అంతకంటే భయంకరమైనది నేను ఆ ప్రయాణంలో చూడలేదు. నిరాశను నేను భరించగలను, దానికి అలవాటు పడ్డాను, దానితో కలిసి ఉద్యోగం కూడా చేశాను. ఆయన మొహంలో మళ్ళీ వచ్చిన ఆ ఆశను మాత్రం భరించలేకపోయాను. దానికి మళ్ళీ నా కడుపే కావాలి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకోలేదు. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, చెట్లు బాగున్నాయని, గైడ్ బాగా చెప్పిందని. కిటికీ అద్దంలో మా ఇద్దరి మొహాలూ కనిపిస్తున్నాయి. ఆయన మొహం నా మొహం పక్కన ఇంకెవరిదో అన్నట్టు ఉంది.

సాయంత్రం ఓడ కదిలేటప్పుడు అందరూ పై డెక్ మీదకు వస్తారు. బ్యాండు వాయిస్తారు, రంగు రంగు గ్లాసులు పంచుతారు. మేం ఒక మూల రెయిలింగ్ దగ్గర నిలబడ్డాం. ద్వీపం మెల్లగా వెనక్కి పోతోంది. ఆయన నాకు దగ్గరగా జరిగాడు.

"డాక్టర్ డోనర్ అని ఒక మాట అన్నడు గద" అని మొదలుపెట్టాడు. "నేను చదివిన. మన వయసుకి కూడ చేస్తరంట. ఇంటికి పోయినంక ఒక్క అపాయింట్‌మెంట్..."

"ఆగు" అన్నాను.

ఆగాడు. నేను చెప్పాల్సింది బస్సులోనే తయారుచేసుకున్నాను.

"నేను ఇంక ఏదీ చెయ్య. డోనర్ వద్దు, దేవత వద్దు. నా ఒళ్ళు నాకు కావాలె. నాకు నువ్వు చాలు. నీకు నేను చాలకపోతే చెప్పు. నీకింకా పిల్లలు పుడతరు, ఇంకొకరితోని. నేను అడ్డం రాను."

అన్నానే కానీ, ఆ మాట ఎందుకన్నానో మన వైపు పుట్టినవాళ్ళకెవరికైనా తెలుస్తుంది. ఛ, నోర్ముయ్, ఏం మాటలవి అని ఆయన కసురుకోవాలని అన్నాను. పెళ్ళాం అలాంటి మాట అంటే మొగుడు కసరాలి. అది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా నాన్న కసిరేవాడు, మా మామయ్య కసిరేవాడు, పెళ్ళాం మీద ఏ కోశానా ప్రేమ లేనివాళ్ళు కూడా ఆ ఒక్క మాటకు కసురుకుంటారు. నేను రెయిలింగ్ పట్టుకుని ఆ కసురు కోసం ఎదురుచూశాను.

బ్యాండు పాట ఒకటి అయిపోయింది, ఇంకొకటి ఎత్తుకున్నారు. న్యూకాసిల్ ఆవిడ దూరం నుంచి చెయ్యి ఊపి, ఇప్పుడెలా ఉంది అన్నట్టు సైగ చేసింది. మా ఆయన కూడా ఆవిడకు చెయ్యి ఊపాడు. ఆ తర్వాత నీళ్ళలోకి చూస్తూ, నెమ్మదిగా, చాలా మర్యాదగా అన్నాడు.

"నాకు కొంచెం టైమ్ ఇయ్యి."

ఇచ్చాను. వచ్చేశాం. క్రోయిడన్‌లో అప్పటికే చలి మొదలైంది. నేను నా డ్యూటీలకు వెళుతున్నాను, ఫోన్లెత్తి పుట్టిన తేదీలు అడుగుతున్నాను. ఆయన ఆఫీసుకు వెళ్ళి వస్తాడు. నాకంటే ముందొస్తే అన్నం వండి పెడతాడు. నాకు జలుబు చేస్తే మిరియాల పాలు కాచి ఇస్తాడు. ఆయన మంచివాడు కాదని ఎవరైనా అంటే వాళ్ళ మీద అగ్గి మీద గుగ్గిలమవుతాను. వెంబ్లీ ఆంటీ ఫోన్ చేసి, అమ్మవారు ఏమన్నా దయ చూపిందా అని అడిగితే, ఆయనే ఏదో చెప్పి పెట్టేశాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. రోజూ సాయంత్రం తలుపు తాళం చప్పుడైతే నా చేతిలో పని ఆగిపోతుంది. ఇవాళ చెబుతాడేమో అనుకుంటాను. వచ్చి, కాళ్ళు కడుక్కుని, కూర ఏంటని అడుగుతాడు. చెబుతాను. ఇద్దరం కూర్చుని తింటాం. ఆయన వెళ్ళిపోలేదు, ఉంటానని కూడా చెప్పలేదు. నేను మళ్ళీ అడగలేదు. అడిగితే ఆయన జవాబు చెబుతాడు.